కట్టెపుల్లతో మొదలయ్యే క్లాసు
(మన కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



ఆగస్టు వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఒక చిన్న హడావుడి మొదలవుతుంది. పిల్లల స్కూలు నుంచి షెడ్యూలు వస్తుంది. ఎనిమిదో క్లాసుకి వెళ్ళే పిల్లల కాగితంలో లెక్కలు, ఇంగ్లీషు, సోషల్ స్టడీస్ పక్కన "ఫిజికల్ సైన్సు" అని ఉంటుంది. అది చూడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఇది ఫిజిక్సా అండీ, కెమిస్ట్రీయా?" "దీనికి ఆనర్స్ లేదా?" "పుస్తకమే ఇవ్వలేదుటండీ, మరి ఏం చదవాలి?" ఇలా రకరకాల ప్రశ్నలు.

నన్నే ఎందుకు అడుగుతారంటే, నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదకొండేళ్ళు పీ.ఎస్. టీచరుగా పనిచేశాను. ఇక్కడికి వచ్చాక పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఒక పబ్లిక్ మిడిల్ స్కూల్లో అదే సబ్జెక్టు చెబుతున్నాను. పీ.ఎస్. అంటే మీకందరికీ తెలుసు కదా. మన దగ్గర ఎనిమిదో తరగతి నుంచి సైన్సు రెండుగా చీలుతుంది. భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పేవారు పీ.ఎస్. మాస్టారు, జీవశాస్త్రం చెప్పేవారు ఎన్.ఎస్. మాస్టారు. ఆ పీ.ఎస్.కి ఇక్కడ దగ్గరి చుట్టమే ఈ ఫిజికల్ సైన్సు. కాకపోతే రెండిటి చరిత్రలు వేరు. ఈ రోజు ఆ చరిత్రే చెబుతాను. ఈ క్లాసు ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే, సెప్టెంబరులో మీ అబ్బాయో అమ్మాయో ఇంటికొచ్చి "ఇవాళ మేము పుల్లలు కాల్చాం" అన్నప్పుడు మీరు కంగారు పడరు.

ముందుగా నూట ముప్ఫై ఏళ్ళకి పైగా వెనక్కి వెళదాం. 1880లలో అమెరికాలో ఫిజిక్సు పాఠం అంటే పుస్తకం చూసి బట్టీ పట్టడమే. టీచరు బల్ల దగ్గర ఏదో చేసి చూపిస్తే పిల్లలు చూసేవారు, లేకపోతే అదీ లేదు. అప్పట్లో హార్వర్డు విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్. ఆయన స్వతహాగా కెమిస్ట్రీ చదివినవాడు. కాలేజీలో చేరదలచిన కుర్రాడు ప్రయోగాలు తన చేత్తో చేసి ఉండాలని ఆయన పట్టు. ఆ పని ఎడ్విన్ హాల్ అనే ఫిజిక్సు అధ్యాపకుడికి అప్పగించారు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. 1879లో "హాల్ ఎఫెక్ట్" కనిపెట్టినది ఈయనే. ఆయన 1880ల చివర్లో హైస్కూలు పిల్లలు చేయదగ్గ ఒక నలభై ప్రయోగాల జాబితా తయారుచేశారు. ఆ జాబితా చేతికి రాగానే, హార్వర్డుకి పిల్లల్ని పంపాలనుకున్న హైస్కూళ్ళన్నీ త్రాసులు, కొలజాడీలు కొనడం మొదలుపెట్టాయి. ఈ దేశంలో స్కూలు ల్యాబుకి ఒక విధంగా అది పునాది.

1892లో జాతీయ విద్యా సంఘం ఒక పదిమంది కమిటీ వేసింది. దానికీ ఎలియట్ గారే అధ్యక్షుడు. 1893 నాటి ఆ కమిటీ నివేదిక కూడా సైన్సు అంటే ల్యాబు ఉండాలనే చెప్పింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1890 ప్రాంతంలో ఈ దేశంలో హైస్కూలు వయసు పిల్లల్లో నూటికి ఆరేడుగురే హైస్కూలుకి వెళ్ళేవారు. వాళ్ళలో నూటికి ఇరవైమందికి పైగా ఫిజిక్సు చదివేవారు. తర్వాత యాభై ఏళ్ళలో హైస్కూలు అందరిదీ అయింది. రైతు బిడ్డలు, కార్మికుల బిడ్డలు, వలస వచ్చినవాళ్ళ బిడ్డలు అందరూ బడికి వచ్చారు. ఐతే 1950 నాటికి ఫిజిక్సు చదివేవాళ్ళు నూటికి ఐదుగురు దగ్గరికి పడిపోయారు. బడి తలుపు అందరికీ తెరుచుకుంది గానీ, ఫిజిక్సు గది తలుపు మాత్రం కొందరికే తెరిచి ఉంది.

మధ్యలో ఇంకో సంగతి జరిగింది. ఎనిమిదేళ్ళ ఎలిమెంటరీ, నాలుగేళ్ళ హైస్కూలు అనే పాత పద్ధతి బాగాలేదని, మధ్య వయసు పిల్లలకి వేరే బడి కావాలని కొందరు అన్నారు. 1909లో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో ఇండియనోలా జూనియర్ హైస్కూలు మొదలైంది. దేశంలో మొట్టమొదటి జూనియర్ హైస్కూలు అదేనని సాధారణంగా చెబుతారు. మరుసటి ఏడు కాలిఫోర్నియాలో బర్క్‌లీలో కూడా పెట్టారు. ఇప్పటి మిడిల్ స్కూలు ఈ జూనియర్ హైకి తమ్ముడు. ఈ బడుల్లో "జనరల్ సైన్సు" అని ఒక సబ్జెక్టు పెట్టారు. ఇంట్లో నీటి గొట్టం ఎలా పనిచేస్తుంది, వాతావరణం, విద్యుత్తు, ఆరోగ్యం, ఇలా అన్నీ తలా కాస్త. చదవడానికి సరదాగానే ఉండేది. కానీ పిల్లవాడి చేతికి త్రాసు అందిన రోజులు తక్కువ.

ఇక 1957 అక్టోబరు 4. సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పైకి పంపింది. బరువు 84 కిలోల లోపు, బంతిలా ఉండే ఒక లోహపు గుండు. అది అమెరికా ఆకాశంలో బీప్ బీప్ అంటూ తిరుగుతుంటే ఇక్కడ అందరికీ గుండెల్లో రాయి పడింది. "మన బడుల్లో సైన్సు సరిగ్గా చెప్పడం లేదు" అన్న మాట మొదటిసారి ఇంటింటి మాట అయింది. మరుసటి ఏడు, 1958 సెప్టెంబరులో ఐసెన్‌హోవర్ జాతీయ రక్షణ విద్యా చట్టం మీద సంతకం చేశారు. ఆ చట్టం కింద సైన్సు, లెక్కలు, పరాయి భాషలు చెప్పడానికి కావలసిన పరికరాలు కొనుక్కోమని స్కూళ్ళకి కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది.

అసలు పని మాత్రం స్పుత్నిక్ కన్నా ముందే మొదలైంది. 1956లో ఎమ్.ఐ.టి.లో జెరోల్డ్ జకరయాస్ అనే ఫిజిక్సు ప్రొఫెసరు కొంతమంది శాస్త్రవేత్తల్నీ, హైస్కూలు టీచర్లనీ ఒకచోట కూర్చోబెట్టి కొత్త హైస్కూలు ఫిజిక్సు తయారుచేయడం మొదలుపెట్టారు. దాన్నే పీ.ఎస్.ఎస్.సి. ఫిజిక్సు అంటారు. 1960లో పుస్తకంగా వచ్చింది. మనలో పెద్దవాళ్ళు కొందరు ఇండియాలో కూడా ఆ పుస్తకం చూసే ఉంటారు.

పుస్తకం బాగుంది. కానీ పదకొండు పన్నెండు తరగతుల్లో పిల్లలు దాన్ని పట్టుకుని తడబడ్డారు. ఎందుకంటే అంతకుముందు వాళ్ళు ఏదీ స్వయంగా కొలిచి ఎరగరు. త్రాసు ఎంతవరకు నమ్మాలో తెలియదు. గ్రాఫు గీయడం రాదు. పైకప్పు బాగా వేశారు గానీ కింద గోడ లేదన్నమాట. పీ.ఎస్.ఎస్.సి.లో పనిచేసిన యూరీ హేబర్-షైమ్ అనే ఫిజిక్సు శాస్త్రవేత్త ఆ గోడ కట్టే పనికి పూనుకున్నారు. 1963లో జూనియర్ హై పిల్లల కోసం ఒక కొత్త కోర్సు తయారీ మొదలైంది. నాలుగేళ్ళు బడుల్లో పెట్టి చూసి, దిద్దుకుని, 1967లో పుస్తకం అచ్చువేశారు. దాని పేరు "ఇంట్రడక్టరీ ఫిజికల్ సైన్స్", ముద్దుగా ఐ.పీ.ఎస్. ఈ ఐ.పీ.ఎస్.కి పోలీసులతో సంబంధం లేదండోయ్!

ఈ కోర్సులో మొదటి ప్రయోగం ఏమిటో తెలుసా? పరీక్షనాళికలో కట్టెపుల్లలు వేసి కాల్చడం. నిర్వచనాలు లేవు, "పదార్థము అనగా నేమి" లేదు. మొదటి వారమే పుల్లలు, మంట.

ఎలా చేస్తారో చెబుతాను. ఒక పరీక్షనాళికలో ఎండు పుల్లల ముక్కలు వేసి, రబ్బరు బిరడా బిగించి, స్టాండుకి ఏటవాలుగా కడతారు. బిరడాలోంచి గొట్టం రెండో పరీక్షనాళికలోకి వెళుతుంది. అక్కడ చల్లబడిన ద్రవం పోగవుతుంది. అక్కణ్ణించి ఇంకో గొట్టం నీళ్ళ తొట్టిలో బోర్లించిన సీసాలోకి వెళుతుంది. కింద మంట పెట్టగానే పుల్లలు నల్లబడతాయి. గాలి సరిగ్గా అందదు కాబట్టి భగ్గుమని మండవు. తెల్లగా పొగ వస్తుంది. రెండో గొట్టంలో గోధుమరంగు ద్రవం చుక్కలు చుక్కలుగా దిగుతుంది. దాని కింద జిగటగా తారులాంటిది పేరుకుంటుంది. సీసాలో వాయువు చేరి నీటిని కిందకి నెడుతుంది. ఆ వాయువుకి నిప్పు చూపిస్తే అంటుకుంటుంది. చివరికి మొదటి నాళికలో మిగిలేది బొగ్గు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మంట ఆపేముందు గొట్టాన్ని నీళ్ళలోంచి తీసెయ్యాలి. లేకపోతే నాళిక చల్లబడుతుంటే లోపల ఒత్తిడి తగ్గి, తొట్టిలో నీళ్ళు వెనక్కి ఎగబాకి వేడి గాజు మీద పడతాయి, నాళిక ఫట్‌మంటుంది. ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది కాబట్టి గదికి గాలి బాగా ఆడాలి. ఇవన్నీ తెలిసిన టీచరు పక్కన ఉండి, కళ్ళద్దాలు పెట్టుకుని చేసేవి. ఇంట్లో వంటింట్లో చేయవద్దని తల్లులకి నా మనవి.

పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి ఇదంతా కొత్తేమీ కాదు. మన అమ్మమ్మ పొయ్యిలో పచ్చికట్టె పెడితే, ఒక చివర మంట అంటుకోగానే రెండో చివర నురగలాగా నీళ్ళు కారేవి, గుర్తుందా? పొయ్యి పైన గోడకీ, వాసాలకీ నల్లగా జిగురుగా మసి అంటుకునేది. ఊరి బయట బొగ్గుల బట్టీలో దుంగలు పేర్చి మట్టి కప్పి తగలబెట్టేది గాలి తగలకుండా ఉండడానికే. చూడండి, సరిగ్గా ఇదే ప్రయోగం! తేడా ఒక్కటే. బట్టీలో పోయిన పొగనీ, ఆవిరినీ ఇక్కడ పట్టుకుని సీసాలో పెడుతున్నారు.

ఇప్పుడు పిల్లవాడికి ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. కట్టె ఒక్కటే కదా, ఇన్ని ఎలా వచ్చాయి? ఇవన్నీ ముందే కట్టెలో దాక్కుని ఉన్నాయా, లేక కాల్చినప్పుడు కొత్తగా పుట్టాయా? ద్రవం, వాయువు, బొగ్గు అన్నీ కలిపి తూస్తే మొదటి కట్టె బరువు వస్తుందా? ఆ చివరి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే త్రాసు కావాలి. అలా పాఠం త్రాసు దగ్గరికి నడిచి వెళుతుంది. తర్వాత ఉప్పు నీళ్ళలో కరిగితే బరువు పోతుందా, మంచు కరిగితే బరువు మారుతుందా, వాయువు పుట్టినప్పుడు దానికీ బరువుంటుందా అని ఒకదాని వెంట ఒకటి తూచుకుంటూ పోతారు. ఆ తర్వాత సాంద్రత, మరిగే ఉష్ణోగ్రత, కరిగే గుణం. వీటి సాయంతో ఒక గుర్తుతెలియని బురదలాంటి మిశ్రమాన్ని ఇచ్చి "ఇందులో ఏమేమున్నాయో విడదీసి చెప్పు" అంటారు. పరమాణువు అన్న మాట ఎప్పుడో కోర్సు చివరి భాగంలో వస్తుంది. అప్పటికి పిల్లవాడికి ఆ మాట అవసరం పడి ఉంటుంది.

మన పద్ధతి దీనికి తలకిందులు. మన పుస్తకంలో పరమాణువు ముందు వస్తుంది, కట్టె ఎప్పటికీ రాదు.

ఈ కోర్సులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. మంచు ముక్క సీసాలో పెట్టి మూత బిగించి తూచి, కరిగాక మళ్ళీ తూస్తారు. క్లాసులో పదిహేను జట్లు ఉంటే పదిహేను జవాబులు వస్తాయి. ఒకరికి ఏమీ మారలేదు, ఒకరికి కాస్త తగ్గింది, ఒకరికి కాస్త పెరిగింది. అప్పుడు టీచరు "ఎవరిది కరెక్టు?" అని అడగరు. అందరి జవాబులూ బోర్డు మీద పటంగా గీస్తారు. ఎక్కువమంది సున్నా చుట్టూ గుమిగూడి ఉంటారు. అప్పుడు ప్రశ్న: "మన త్రాసు ఎంత చిన్న తేడాని పట్టుకోగలదు? దానికన్నా ఎక్కువ తేడా వచ్చినవాళ్ళకి ఏం జరిగి ఉంటుంది?" పెరిగిన జట్టు సీసా చుట్టూ చూస్తే బయట చెమటలాగా నీటిబొట్లు ఉంటాయి. గాలిలోని తేమ చల్లటి సీసాకి పట్టింది! వాళ్ళు చూసిన అంకె నిజమే. దాని వెనక ఒక కారణం ఉంది, అంతే.

పోయిన ఏడాది నా క్లాసులో మన తెలుగు పిల్లవాడొకడు ఉన్నాడు. చాలా తెలివైనవాడు. త్రాసులో తేడా వచ్చింది. అంతా గమనించి, రబ్బరుతో ఆ అంకె చెరిపి, పక్క జట్టు వాళ్ళ సున్నా రాసుకున్నాడు. "ఎందుకు నాన్నా చెరిపావు?" అని తెలుగులోనే అడిగాను. "తప్పు వచ్చింది కదా టీచర్. తప్పుంటే అమ్మ ఊరుకోదు" అన్నాడు. సీసా తీసి చూపించాను. బయటంతా తడి. ఆ క్లాసులో ఆ రోజు తేమ సంగతి కనిపెట్టే అవకాశం వచ్చిన ఒకే ఒక్కడు వాడు. దాన్ని రబ్బరుతో చెరిపేసుకున్నాడు.

ఆ తల్లిని నేను తప్పు పట్టను. మనం పెరిగిన పద్ధతి అది. ఇంటర్లో, డిగ్రీలో ప్రాక్టికల్ రికార్డు అంటే సీనియర్ల రికార్డు చూసి ఎక్కించడం, "స్టాండర్డ్ వాల్యూ" రావడానికి రీడింగులు సర్దడం మన దేశంలో చాలా కాలేజీల్లో ఆచారంలాంటిది. ఒక్క తప్పు అంకెకి సీటు పోయే చోట భయం ఉండడం సహజం. ఆ భయాన్ని మనం సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి కూడా తెచ్చుకున్నాం. అందుకే అంటున్నాను, పిల్లవాడికి ఈ క్లాసులో వచ్చే ఏ గ్రేడుకన్నా "నేను చూసింది నేను రాస్తాను" అన్న ధైర్యం విలువైనది.

ఇప్పుడు కథ మన దేశానికి వెళుతుంది. ఇలాంటి క్లాసుకి లక్షల డాలర్లూ ఎమ్.ఐ.టి.లూ కావాలని అనుకోకండి. 1972లో మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో పదహారు మిడిల్ స్కూళ్ళలో ఒక ప్రయత్నం మొదలైంది. కిషోర్ భారతి అనే సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి ప్రభుత్వం అనుమతితో మొదలుపెట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి నేల మీద కూర్చుని ప్రయోగాలు చేశారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి "బాల వైజ్ఞానిక్" అనే పుస్తకాలు. వాటిలో జవాబులు ఉండవు, చేయవలసిన పనులూ ప్రశ్నలూ ఉంటాయి. పరీక్షకి పుస్తకం తెచ్చుకోవచ్చు. ప్రయోగ పరీక్ష వేరే ఉంటుంది. కొలతల్లో వచ్చే హెచ్చుతగ్గులు కూడా అక్కడ ఒక పాఠమే. పిల్లలు "సవాలీరామ్" అనే పేరుకి ఉత్తరాలు రాసి ఏ ప్రశ్నైనా అడగవచ్చు, జవాబు వస్తుంది. సవాలీరామ్ నిజంగా ఉన్న మనిషి కాదు, ఆ పేరుతో కార్యకర్తలే జవాబులు రాసేవారు.

1978లో ఆ కార్యక్రమం జిల్లా అంతటికీ పాకింది. అదే ఏడు అరవింద్ గుప్తా అనే ఇంజనీరు ట్రక్కుల కంపెనీ ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్ళారు. సైకిలు వాల్వుట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి ఆకారాలు చేయడం ఆయన అక్కడే మొదలుపెట్టారు. ఆయన పుస్తకాలు తెలుగులో కూడా వచ్చాయి, మీ పిల్లలకి చూపించండి. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఈ బాధ్యత తీసుకుంది. చివరికి సుమారు వెయ్యి బడుల్లో, లక్షమంది దాకా పిల్లలు ఇలా చదువుకున్నారు.

2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. పేరున్న శాస్త్రవేత్తలు ఎందరో వద్దని చెప్పారు. ఐనా ముప్ఫై ఏళ్ళ పని ఆగిపోయింది. అందులోని ఆలోచనలు మాత్రం పోలేదు. 2005లో ప్రొఫెసర్ యశ్‌పాల్ ఆధ్వర్యంలో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువు వద్దని గట్టిగా చెప్పింది.

అమెరికాలో కూడా దాదాపు ఇదే జరిగింది. 1975లో ఐదో తరగతి పిల్లల కోసం తయారైన ఒక సాంఘిక శాస్త్రం కోర్సు మీద కాంగ్రెసులో పెద్ద గొడవ అయింది. దానికీ సైన్సు ల్యాబుకీ సంబంధం లేదు. కానీ రెండిటికీ డబ్బు ఇచ్చింది నేషనల్ సైన్స్ ఫౌండేషనే కాబట్టి, ఆ దెబ్బ స్కూలు కోర్సులన్నిటి మీదా పడింది. 1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం ఆ సంస్థ విద్యా విభాగానికి నిధులు బాగా కోసేసింది. టీచర్లకి వేసవి శిక్షణలు తగ్గిపోయాయి. శిక్షణ లేని టీచరు చేతిలో పుల్లల ప్రయోగం ఎలా ఉంటుంది? నాళిక పగులుతుంది, అంతే. మరుసటి ఏడు పెట్టె బీరువాలోకి వెళుతుంది.

తర్వాత 1996లో జాతీయ సైన్సు ప్రమాణాలు వచ్చాయి. 2002 జనవరిలో సంతకమైన "నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్" చట్టం మూడు నుంచి ఎనిమిది తరగతులకి ప్రతి ఏడూ చదవడం, లెక్కల్లో పరీక్షలు పెట్టింది. సైన్సుకి ఆ మూడేసి నాలుగేసి తరగతుల్లో ఒక్కసారే. పరీక్ష లేని సబ్జెక్టుకి పీరియడ్లు ఎక్కణ్ణించి వస్తాయి? 2013లో వచ్చిన కొత్త సైన్సు ప్రమాణాలు మళ్ళీ "పిల్లలు చేసి తెలుసుకోవాలి" అన్నాయి. చాలా రాష్ట్రాలు వాటినో, వాటి ఆధారంగా రాసుకున్నవాటినో పాటిస్తున్నాయి. అందుకే కొన్ని స్కూళ్ళలో ఎనిమిదో క్లాసు మొత్తం ఫిజికల్ సైన్సు ఉంటుంది, కొన్ని చోట్ల మూడేళ్ళలో అన్ని సైన్సులూ కలిపి చెబుతారు. ఏ పద్ధతైనా ఫరవాలేదు. చూడవలసింది పిల్లవాడి చేతికి త్రాసు వస్తోందా లేదా అన్నదే.

ఈ రెండు దేశాల కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఈ క్లాసులు ఎక్కడా "పిల్లలకి రాలేదు" అని ఆగలేదు. టీచరుకి శిక్షణ ఆపినప్పుడు, ల్యాబుకి డబ్బు ఆపినప్పుడు, లేదా ఎవరో ఒక ఆఫీసులో వద్దన్నప్పుడు ఆగాయి. దూరాన ఉన్న శాస్త్రవేత్తలు ఉత్తరాలు రాస్తే సరిపోలేదు. ఊళ్ళో ఆ బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు నోరు విప్పితే ఎలా ఉండేదో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఇది పాత కథ కాదండి. మా స్కూలు డిస్ట్రిక్టులో ఈ ఏడు మిడిల్ స్కూలు ల్యాబు పీరియడ్లు సగం చేసి, వాటి బదులు కంప్యూటరు మీద ప్రయోగాలు చూపించాలన్న ప్రతిపాదన వచ్చింది. కంప్యూటరు బొమ్మలో మంచుసీసాకి చెమట పట్టదు. అక్కడ జవాబు ఎప్పుడూ సున్నానే. ఆ సమావేశానికి నేను వెళ్ళాను. లెక్కల్లో అడ్వాన్స్‌డ్ క్లాసు గురించి చర్చ ఉన్న రోజు హాలు నిండా మనవాళ్ళే. ల్యాబు గురించి మాట్లాడిన రోజు మనవాళ్ళు ఇద్దరే ఉన్నారు. నిర్ణయం ఇంకా కాలేదు.

కాబట్టి వింటున్నవాళ్ళకి మూడు చిన్న మనవులు. ఒకటి, సెప్టెంబరులో పేరెంట్స్ నైట్‌కి వెళ్ళినప్పుడు "వారంలో ఎన్ని రోజులు ల్యాబు?" అని అడగండి. గ్రేడు గురించి తర్వాత అడగవచ్చు. రెండు, మీ స్కూలు బోర్డు సమావేశంలో ప్రజలు మాట్లాడడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు. యాస గురించి బెంగ వద్దు, లేచి నాలుగు మాటలు చెప్పండి. మనలో సగంమంది ఇంజనీర్లం, డాక్టర్లం. ల్యాబు విలువ మనకన్నా ఎవరికి తెలుసు? మూడు, పిల్లలు ఇంటికొచ్చి "నాకు వేరే ఆన్సరు వచ్చింది" అంటే, "తప్పెక్కడ చేశావు?" అనకండి. "ఏం చూశావు? చెప్పు" అనండి. తెలుగులోనే అడగండి. ద్రవ్యరాశి, సాంద్రత, బాష్పీభవనం లాంటి చక్కని మాటలు మనకి ఉన్నాయి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో శాస్త్ర గ్రంథాలు అచ్చువేయించిన నాటి నుంచి ఎందరో కష్టపడి ఆ మాటల్ని మనకి అందించారు. వంటింట్లో వాడకపోతే అవి పుస్తకాల్లోనే ఉండిపోతాయి.

మా డిస్ట్రిక్టు వాళ్ళకి ఒక మాట. వచ్చే నెల రెండో మంగళవారం సాయంత్రం ఏడింటికి బోర్డు సమావేశం ఉంది, ల్యాబు విషయం ఆ రోజే తేలుస్తారు. పేరు ముందే రాయించుకోవాలి. నేను రాయించుకున్నాను. మీరూ రండి, పిల్లల్ని కూడా తీసుకురండి.